బొమ్మలో లేనివాళ్ళు

బొండపురంలో కొత్తమేడ కట్టి నూరేళ్ళు దాటింది. అయినా దాని పేరు కొత్తమేడే. ఊళ్ళో ఇప్పుడు అంతకంటే పాత ఇల్లు ఒక్కటీ లేదు గాని, మొదట పెట్టిన పేరు మార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ మేడకు ముందొక గుమ్మం, వెనకొక గుమ్మం. ముందు గుమ్మంలోంచి అంబారీతో సహా ఏనుగు నడిచి వెళ్ళొచ్చు. ఏనుగు ఎప్పుడైనా వెళ్ళిందో లేదో ఎవరూ చెప్పలేరు గాని, ఊరివాళ్ళు మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. వాళ్ళకు పని ఉండేది వెనక గుమ్మంతోనే.

మేడకు ఆఖరి వారసురాలు చిన్నమ్మగారు. పిల్లలు లేరు. పోయేముందు ఆవిడ మేడనూ, తాతముత్తాతలు పోగుచేసి పెద్ద హాల్లో తగిలించిన బొమ్మలనూ సర్కారుకు రాసిచ్చి ఒకే ఒక్క కోరిక కోరింది. "దీన్ని కళాప్రదర్శనశాల చెయ్యండి. ఊళ్ళో వాళ్ళందరూ ముందు గుమ్మంలోంచి వచ్చి చూసి వెళ్ళాలి." చాలా చిన్న కోరిక. అంత చిన్న కోరికలు తీర్చడం సర్కారుకు అలవాటు లేదు.

ఆ మాట విని ఊరందరికంటే ఎక్కువ సంబరపడింది ఎర్నమ్మ. ఎర్నమ్మ రేవులో బట్టలుతికే మనిషి. కాపురానికి వచ్చిన నాటి నుంచి చేతుల్లో సత్తువ తగ్గేదాకా మేడ బట్టలన్నీ ఆవిడే ఉతికింది. వాటిలో ఒకటి పెద్ద హాల్లో కట్టే పరదా. మంకెనపువ్వు రంగు, అంచు పొడుగునా నెమళ్ళు. ఏటా దసరా ముందు అది రేవుకి వచ్చేది. కుంకుడు రసంలో నానబెట్టి, తలోపక్కా పట్టుకుని పిండి, ఇసకలో ఆరేస్తే రేవు సగం ఎర్రబారేది. ఆరాక మడతపెట్టి, నెత్తిన పెట్టుకుని వెళ్ళి, వెనక గుమ్మం దగ్గర ఇచ్చేది. లోపలి మనిషి అందుకుని తలుపేసుకునేది. ఆ తర్వాత దాన్ని ఎక్కడ కట్టారో, కడితే ఎలా ఉంటుందో ఎర్నమ్మ ఒక్కసారి కూడా చూడలేదు.

"పెల్లికూతురికి తలంటి, సీర కట్టి పంపించడం వరకే మన పని" అనేది ఆవిడ నవ్వుతూ. "పెల్లి మాత్రం ఎప్పుడూ సూల్లేదు."

ఆవిడ మనవరాలు మాంబ. అసలు పేరు పోలమాంబ. ఊళ్ళో బడిలో చదివి, పక్క ఊళ్ళో డిగ్రీ చేసింది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. ప్రదర్శనశాలలో బొమ్మల గురించి వచ్చినవాళ్ళకు చెప్పే గైడు ఉద్యోగం ఆ పిల్లకు వచ్చింది. ఆ రోజు ఇంటికి రాగానే మామ్మ ముందు కూర్చుంది.

"మామ్మా, తెరిసిన రోజున నిన్ను ముందు గుమ్మంలోంచి తీసుకెల్తాను. పరదా ఎదర కూకోబెడతాను."

"కూకోనిస్తారేటి?"

"ఇప్పుడది సర్కారుది మామ్మా. అంటే మనదే."

"సర్కారుదైతే మరీ కూకోనివ్వరు గదే గుంటా" అంది ఎర్నమ్మ. కానీ మర్నాడే పెట్టె అడుగునుంచి నేతచీర తీసి ఎండలో వేసింది.

*

ప్రదర్శనశాలకు ప్రత్యేకాధికారిగా విరూపాక్షరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన చేపల శాఖలో ఉండేవారు. అక్కడ ఆయన మీద ఒక్క ఫిర్యాదూ లేదు, ఎందుకంటే ఆయన ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు. ఆయనకు సలహా చెప్పడానికి రాజధాని నుంచి డాక్టర్ నీలకంఠంగారు దిగారు. పాత కట్టడాలను పాతగానే ఉంచడంలో ఆయన దిట్ట.

నీలకంఠంగారు మేడంతా తిరిగి, పెద్ద హాల్లో ఒక బొమ్మ ముందు ఆగిపోయారు. ఎప్పుడో ఒక తెల్లదొర మేడలో మకాం పెట్టి వేసిన తైలవర్ణ చిత్రం అది. అందులో ఉన్నది ఆ హాలే. ఎత్తు కుర్చీలో జమీందారుగారు. పక్కన టోపీ చేతిలో పట్టుకున్న తెల్ల కలెక్టరు. తివాచీ మీద ఒక కుక్క. గోడకు రెండు నిలువుటద్దాలు. ఎడమవైపు తెరిచిన కిటికీ. వెనక ఎర్రటి పరదా. ఆ పరదా అంచు దగ్గర, మోచేతి వరకూ మాత్రమే కనిపిస్తూ, గాజులు వేసుకున్న ఒక ఆడమనిషి చెయ్యి. దొర బొమ్మ గీసేటప్పుడు పరదా కాస్త పక్కకు లాగి పట్టుకోమని ఎవరికో చెప్పి ఉంటారు. ఆ ఎవరో బొమ్మలో లేదు. చెయ్యి మాత్రం ఉంది.

"ఇదే మనకు ప్రమాణం" అన్నారు నీలకంఠంగారు. "చిత్రంలో ఉన్నది హాల్లో ఉండాలి. చిత్రంలో లేనిది హాల్లో ఉండకూడదు. దీన్ని యథాతథ సూత్రం అంటారు."

విరూపాక్షరావుగారు కాసేపు ఆలోచించి, "దీనివల్ల నేను సొంతంగా నిర్ణయం తీసుకోవలసిన అవసరం ఎక్కడా రాదు కదండీ?" అని అడిగారు.

"ఎక్కడా రాదు."

"అయితే చాలా గొప్ప సూత్రమండి."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. 'పైన పేర్కొనబడిన చిత్రమునందు గోచరించని యావత్తు వస్తుసముదాయమును సదరు హాలునుండి తక్షణమే తొలగించవలెను. ఇందు ఎట్టి మినహాయింపులును లేవు.'

ముందు ఫ్యాన్లు దించారు. తర్వాత దీపాలు తీశారు. స్విచ్చులు పీకి, ఆ కన్నాలు సున్నంతో పూడ్చారు. మూలనున్న ఇసక బకెట్లు తీస్తుంటే అగ్నిమాపక శాఖ నుంచి ఒకాయన వచ్చి, అవి లేకపోతే ధ్రువపత్రం ఇవ్వనన్నాడు. విరూపాక్షరావుగారు ఆయన్ని బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఇందులో ఎక్కడైనా మంట ఉందా?"

"లేదండి."

"మంట లేదు కాబట్టి హాల్లో మంట పుట్టే ప్రసక్తి లేదు. మంట లేనిచోట బకెట్టు దేనికి?"

ఆయన బొమ్మను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ధ్రువపత్రం ఇచ్చాడు. అందులో 'చిత్రమును పరిశీలించితిని, మంట కనిపించలేదు' అని రాశాడు.

గోడలకు రెండు అద్దాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కాబట్టి మేడలోని బొమ్మలన్నిటినీ దించి వెనకవైపు స్నానాల గదిలో పేర్చారు. ఆ పని జరిగినంతసేపూ మాంబ ఒక పక్కన నిలబడి చూస్తూనే ఉంది. కళాప్రదర్శనశాలలోంచి కళ ఒక్కొక్కటిగా భుజాల మీద బైటికి పోతోంది. ఆఖరికి హాల్లో ఒక్క బొమ్మ మిగిలింది. దేన్నిచూసి మిగతావన్నీ తీశారో అది.

ఇక్కడ ఆపకపోతే ఇది ఎక్కడా ఆగదని ఆ పిల్లకు అనిపించింది. ఎప్పుడూ నోరెత్తని మనిషి, ధైర్యం చేసి నోరెత్తింది.

"సార్... ఈ బొమ్మ కూడా బొమ్మలో లేదండి."

నీలకంఠంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని బొమ్మలోని గోడలన్నీ వెతికారు. నిజమే. బొమ్మలోని హాల్లో ఆ బొమ్మ లేదు. ఇంక ఈయనకు తెలిసొస్తుంది, దించిన బొమ్మలన్నీ మళ్ళీ ఎక్కిస్తారు అనుకుంది మాంబ.

"శభాష్!" అన్నారాయన. "ఇంత సూక్ష్మదృష్టి నేను రాజధానిలో కూడా చూడలేదు. విరూపాక్షరావుగారూ, దించండి!"

దానినీ స్నానాల గదిలో పెట్టి తాళం వేశారు. ఆ రోజు నుంచి బొమ్మలో ఏముందో తెలుసుకోవాలంటే నీలకంఠంగారినే అడగాలి. ఆయనకు మాత్రం కళ్ళు మూసుకుంటే అంతా కనిపించేది.

*

చిత్రంలో లేనివి తీసెయ్యడం అయిపోయాక, ఉన్నవి తెచ్చే పని మొదలైంది.

జమీందారుగారిని మైనంతో పోతపోయించి తెచ్చారు. మీసాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ అది వైశాఖమాసం, హాల్లో ఫ్యాన్లు లేవు. వారం తిరిగేసరికి మీసాలు గడ్డమయ్యాయి, గడ్డం గుండెల మీదికి జారింది. జమీందారుగారు కుర్చీలో నిద్రపోతున్నట్టు ముందుకు వంగారు. 'కాలానుగుణమైన స్వల్ప వినమ్రత' అని నీలకంఠంగారు నివేదికలో రాశారు.

కలెక్టరు విషయంలో చిక్కు రాలేదు. కలెక్టరంటే పదవి కాబట్టి, ప్రస్తుత కలెక్టరుగారే రోజూ కార్యాలయ సమయంలో టోపీ చేతపట్టుకుని హాల్లో నిలబడవలెనని లేఖ వెళ్ళింది. ఆవిడ ఆ లేఖ చదివి దీర్ఘకాలిక సెలవు పెట్టింది.

కుక్కకు టెండరు పిలిచారు. బొమ్మలోది సీమకుక్క. అలాంటిది జిల్లాలో దొరకలేదు. చివరికి సంతలో తిరిగే కుక్క ఒకటి, చెవి ఒక పక్కకు వాలడంలో పోలిక కుదిరిందని, తాత్కాలిక ప్రాతిపదికన నియమితమైంది. దాని మెళ్ళో గుర్తింపుకార్డు వేశారు. పొద్దున్నే ఎర్నమ్మ గుమ్మంలో గంజి తాగి, తర్వాత వెళ్ళి తివాచీ మీద పడుకునేది. ఆ ఊళ్ళో ముందు గుమ్మంలోంచి దర్జాగా వెళ్ళి వచ్చే మొదటి ప్రాణి అదే అయింది.

అది వెళ్తుంటే ఎర్నమ్మ వెనకనుంచి కేకేసేది. "ఒరే, పరదా ఎలాగుందో సూసొచ్చి సెప్పరా!"

ప్రారంభానికి రోజులు దగ్గరపడుతుంటే మాంబ హాల్లో నిలబడి, వచ్చేవాళ్ళకు చెప్పవలసిన మాటలు చూడకుండా అప్పజెప్పుకుంటోంది. ఆ దారినే పోతున్న నీలకంఠంగారు ఆగారు.

"ఎవరీ అమ్మాయి?"

"గైడండి" అన్నారు విరూపాక్షరావుగారు.

"చిత్రంలో గైడు ఉందా?"

విరూపాక్షరావుగారి మొహం వెలిగింది. నిర్ణయం దానంతటదే జరిగిపోయింది. తర్వాత ఆ వెలుగు కొంచెం తగ్గింది. "అయితే మరి, ఆ గైడు చెప్పేది వినడానికి వచ్చే ప్రజలండీ?"

నీలకంఠంగారు కళ్ళు మూసుకున్నారు. లోపల బొమ్మంతా వెతికి, కళ్ళు తెరిచారు.

"ప్రజలు లేరు."

"ఒక్కరు కూడానా అండీ?"

"ఒక్కరు కూడా. ఆ కాలంలో ప్రజలను లోపలికి రానిచ్చేవారు కాదు. ఈ కట్టడానికున్న ప్రామాణికతంతా అందులోనే ఉంది. ప్రజలు లోపలికి వస్తే ఇది కొత్తమేడ ఎలా అవుతుంది?"

దానితో ఇంకో ఉత్తర్వు వచ్చింది. 'ప్రజల కొరకే నెలకొల్పబడిన సదరు ప్రదర్శనశాలను ప్రజలు మెట్ల దిగువన కట్టబడిన తాడు వెలుపల నిలిచి, ముఖద్వారము గుండా తిలకించవచ్చును.' ఎండలో నిలబడి అంత దూరం నుంచి చూస్తే లోపల చీకటి తప్ప ఏమీ కనపడదు. తెలిసిన కుక్క కాబట్టి, అది తోకాడిస్తే తోక చివరి తెలుపు మాత్రం పోల్చుకోవచ్చు.

*

మాంబ ఉద్యోగం పోయేదే. కానీ బొమ్మలో ఒక చెయ్యి ఉంది. ఉన్నది హాల్లో ఉండి తీరాలి. చెక్కతో చేయిస్తే చెదలు పడుతుందన్నారు, మైనం సంగతి జమీందారుగారే చూపించారు. కాబట్టి చెయ్యి మనిషిదే అయి ఉండాలని తీర్మానించి, హస్త నియామక సంఘం వేశారు. చామనచాయ, సన్నని మణికట్టు, మట్టిగాజులు. నీలకంఠంగారు కళ్ళు మూసుకుని బొమ్మలోని చెయ్యి చూసుకున్నారు, తెరిచి మాంబ చెయ్యి చూసి సంతృప్తి చెందారు.

"సదరు హస్తము పరదాను పట్టుకుని ఉండవలెను. కదలరాదు. హస్తమునకు సంబంధించిన మిగతా మనిషి ఎట్టి పరిస్థితులలోను కనిపించరాదు" అని విరూపాక్షరావుగారు చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఎర్నమ్మ అడిగింది. "ఏటుజ్జోగం అన్నావు?"

"చెయ్యి, మామ్మా."

"చెయ్యేటే?"

"పరదా పక్కనుంచి చెయ్యొక్కటే బైటికి పెట్టాలి. మిగతా నేను ఎనకాల ఉండాలి."

ఎర్నమ్మ ముద్ద కలపడం ఆపింది. "పోన్లే. మనకి మోసెయ్యి దాకా లోపలికి వచ్చినాది. మీ తాత కాలానికి అది కూడా నేదు." మళ్ళీ ముద్ద కలుపుతూ, మనవరాలి వైపు చూడకుండా అడిగింది. "మరి నానో?"

"నువ్వు బొమ్మలో లేవు మామ్మా."

"ఆ బొమ్మ గీసిన్నాటికి నాను పుట్టనేలేదు గదే. పుట్టనోల్ల మీద కూడా రూలేటి?"

మాంబ మర్నాడు విరూపాక్షరావుగారి గదికి వెళ్ళి నిలబడింది. మామ్మకు ఎనభై దాటాయనీ, చూపు తగ్గిపోతోందనీ, తాడు దగ్గరనుంచి ఆవిడకు ఏమీ కనపడదనీ, తెరవకముందే ఒక్కసారి తెచ్చి చూపించి తీసుకెళ్ళిపోతాననీ చెప్పింది. జన్మలో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

విరూపాక్షరావుగారు చెడ్డవారు కాదు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. "చూడమ్మా, మీ మామ్మగారంటే నాకు గౌరవమే. కాని ఒకరికి అనుమతిస్తే పదిమంది అడుగుతారు. పదిమంది వస్తే వాళ్ళని ప్రజలు అంటారు. ప్రజలు చిత్రంలో లేరు" అన్నారు.

*

ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. విరూపాక్షరావుగారికి చెమటలు పట్టాయి. మంత్రిగారు బొమ్మలో లేరు. మంత్రిగారిని తాడు అవతల ఎండలో నిలబెడితే, విరూపాక్షరావుగారు మళ్ళీ చేపల శాఖకే వెళ్ళాలి. లోపలికి రానిస్తే సూత్రం పోతుంది, సూత్రం పోతే ఇకమీద నిర్ణయాలన్నీ ఆయనే తీసుకోవాలి. రెంటిలో ఏది ఎక్కువ భయంకరమో ఆయన తేల్చుకోలేకపోయారు.

నీలకంఠంగారు కళ్ళు మూసుకుని దారి కనిపెట్టారు.

"పరదా వెనక ఏముందో చిత్రకారుడు చూపించలేదు. చూపించని చోట ఏమీ లేదనడానికి ఆధారమూ లేదు. ఆధారం లేనిచోట నిషేధం లేదు. మంత్రిగారు హాల్లోనే ఉంటారు. కానీ పరదా వెనక ఉంటారు."

అలా మంత్రిగారి కారు కొత్తమేడ వెనక గుమ్మం దగ్గర ఆగింది. పూలదండలు, బాజాలు అన్నీ పెరటివైపే ఏర్పాటు చేశారు. ఎర్నమ్మ మూటలు దించిన రాతి అరుగు పక్కనుంచి, ఆవిడకు తెరిచి వెంటనే మూసే ఆ చిన్న తలుపులోంచి, మంత్రిగారు తల వంచి లోపలికి వచ్చారు. ఆయన వెనక ఎమ్మెల్యేగారు, మునిసిపల్ చైర్మనుగారు, ఇద్దరు సలహాదారులు, పత్రికల వాళ్ళు, మైకు పట్టుకున్న మనిషి. అందరి వెనకా విరూపాక్షరావుగారు, నీలకంఠంగారు. పరదా వెనక ఉన్నది మూటలు అందుకోవడానికి కట్టిన సన్నటి నడవ. అందులో వాళ్ళంతా నిలబడేసరికి ఊపిరి తీయాలంటే ఒకరి తర్వాత ఒకరు తీయవలసి వచ్చింది.

"నన్ను తొయ్యకయ్యా!"

"నేను కాదండి, చైర్మనుగారు."

"నా కాలు ఎవరి కింద ఉంది?"

మాంబ అంచున నిలబడి, చెయ్యి ఒక్కటి బైటపెట్టి పరదా పట్టుకుంది. కుచ్చుల సందులోంచి ఒక కంటికి హాలు కనిపిస్తోంది. తివాచీ మీద కుక్క, ముందుకు వాలిన మైనపు జమీందారు, పక్కన కలెక్టరుగారి కోసం వదిలిన ఖాళీ. ఎడమ కిటికీలోంచి పొద్దుటి ఎండ పరదా మీద నిండుగా పడుతోంది. ఆ వెలుగు పరదా ఇవతల నిలబడ్డవాళ్ళకు తెలియదు. దూరంగా, గుమ్మం దగ్గర కావలి సింహాద్రి, అవతల మెట్ల కింద తాడు, తాడు వెనక ఊరు ఊరంతా. అందరికంటే ముందు నేతచీర కట్టుకుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తున్న మామ్మ.

ఆవిడకు ఏమీ కనపడటం లేదని ఆ చెయ్యి పెట్టిన తీరులోనే తెలుస్తోంది.

మైకు మోగింది. "సోదర సోదరీమణులారా! ఇన్నాళ్ళూ కొందరికే పరిమితమైన ఈ భవనాన్ని నేడు ప్రజలకు అంకితం చేస్తున్నాను!" అని పరదా గంభీరంగా పలికింది. తాడు అవతల చప్పట్లు కొట్టారు. హాల్లో కుక్క ఆవలించింది.

"నేటి నుంచి ఇది మీది! మీ తలుపులు మీకోసం బార్లా తెరుచుకున్నాయి!"

మామ్మ పక్కవాళ్ళను ఏదో అడిగింది. వాళ్ళు భుజాలెగరేశారు. ఆవిడ మళ్ళీ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సదరు హస్తము కదలరాదని మాంబకు గుర్తుంది. సంతకం పెట్టినట్టు కూడా గుర్తుంది. ఈ హాల్లో ఉండే హక్కు తనలో ఈ ఒక్క చేతికే ఉందని, తాడు దగ్గర ఎదురుచూస్తున్న మనిషికి ఈ ఊళ్ళో ఇంకెవరూ దిక్కులేరని కూడా గుర్తొచ్చింది. వేళ్ళు పరదాను వదిలాయి. గాజులు గలగలమన్నాయి. చెయ్యి గాలిలోకి లేచి, రా రమ్మని పిలిచింది.

సింహాద్రి చూశాడు. పరదా వెనక మంత్రిగారున్నారని అతనికి తెలుసు. మంత్రిగారు తలుపులు తెరుచుకున్నాయని అప్పుడే చెప్పారు. అక్కడినుంచి పిలుపొస్తే అది ఎవరి చెయ్యని అడగడం అతని పని కాదు. పరుగున మెట్లు దిగి, చెయ్యి పిలిచిన వైపు అందరికంటే ముందున్న ఎర్నమ్మను చూసి, తాడు పైకెత్తాడు.

"ఓలప్పా, నిన్నే. లోపలికి రమ్మంతన్నారు."

"నన్నా? ఎవులు?"

"పెద్దోలు. పరదా ఎనకాల్నుంచి. బేగెల్లు."

ఎర్నమ్మ చీర సర్దుకుంది. ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. ముందు గుమ్మం దగ్గర ఆగి, అలవాటు లేని చోటు కాబట్టి, గడప ఎంత ఎత్తుందో అరికాలితో తడుముకుని లోపల అడుగు పెట్టింది. కుక్క లేచి ఎదురెళ్ళి కాళ్ళ చుట్టూ తిరిగింది. మైనపు జమీందారు ఎలాగూ తల వంచుకునే ఉన్నారు. ఆయన్ని దాటి వచ్చి, ఆవిడ తివాచీ మీద, పరదాకు ఎదురుగా, మఠం వేసుకుని కూర్చుంది.

పరదా వెనక గుసగుసలు మొదలయ్యాయి.

"ఎవరది?"

"ప్రజల్లా ఉన్నారండి."

"ఎంతమంది?"

"ప్రస్తుతానికి ఒక్కరేనండి."

"వెళ్ళి పంపించెయ్యవయ్యా!"

"నేను చిత్రంలో లేనండి" అన్నారు విరూపాక్షరావుగారు. "ముందుకి వస్తే ఉల్లంఘన అవుతుంది. నీలకంఠంగారూ, మీరు..."

"సూత్రం నాదే. నేనే దాటితే ఎలా?"

"మరి మంత్రిగారు..."

"నన్నా! ముసలమ్మని వెళ్ళగొడుతూ నా ఫొటో కావాలా నీకు?"

వాళ్ళు ఒకరినొకరు నెట్టుకుంటుంటే పరదా అలలు అలలుగా కదిలింది. ఆ కదలికకి అంచు పొడుగునా నెమళ్ళు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. కిటికీ ఎండలో వాటి పింఛాలు మెరిశాయి.

ఎర్నమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"ఒలమ్మ" అంది. "నా దగ్గర ఎప్పుడూ ఇసకలో పండుకునే ఉండీవి. ఇక్కడ లేసి నిలబడ్డాయి."

మాంబకు కన్ను మసకబారి, ఆ ఒక్క సందులోంచి కూడా కాసేపు ఏమీ కనపడలేదు.

ఎర్నమ్మ పైనుంచి కిందికి చూస్తూ వచ్చింది. కిందికొచ్చాక చూపు అక్కడ ఆగింది. పరదా నేలకు జానెడు ఎత్తున ఉంది. ఆ సందులో వరసగా బూట్లు. నల్లవి, గోధుమరంగువి, ఒక జత తెల్లటి తోలుచెప్పులు. ఆవిడ ముందుకు వంగి, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"గుంటా, బొమ్మలో ఈ కాల్లున్నాయేటి?"

పరదా ఒక్కసారిగా బిగుసుకుంది. లోపల నీలకంఠంగారు కళ్ళు మూసుకున్నారు. ఈసారి చాలాసేపు మూసుకున్నారు.

"లేవు" అన్నారు సన్నగా.

"ఒక్కటీనా అండీ?"

"ఒక్కటీ లేదు."

ముందుగా తెల్ల తోలుచెప్పులు వెనక్కి జరిగాయి. తర్వాత నల్లబూట్లు. ఒక జత గోధుమరంగువి తొందరలో ఒకటి ఇక్కడే వదిలి వెళ్ళాయి, మళ్ళీ ఒక చెయ్యి పాక్కుంటూ వచ్చి దాన్నీ లాక్కుపోయింది. వెనక గుమ్మం చిన్న తలుపు కిర్రుమంది. తల వంచి రావలసిన తలుపు కాబట్టి, పోయేటప్పుడు కూడా అందరూ తల వంచుకునే పోయారు. కారు స్టార్టయిన చప్పుడు, దాని వెనక ఆగి ఆగి మోగే బాజాలు.

ఆ హడావుడిలో తాడు దించమని సింహాద్రికి ఎవరూ చెప్పలేదు. అతను దాన్ని ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఎర్నమ్మ వెనక్కి తిరిగి గుమ్మంవైపు కేకేసింది.

"ఎండలో ఏటి సేస్తారర్రా? రండి, ఇక్కడ సల్లగుంది."

ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత ప్రజలు. కాళ్ళకున్నవి బైట విడిచి, చప్పుడు చెయ్యకుండా వచ్చి, ఆవిడ వెనక తివాచీ మీద సర్దుకున్నారు. సినిమాకి వచ్చినట్టు వెనకవాళ్ళు ముందువాళ్ళని కూర్చోమని సైగ చేశారు. కుక్కను కాస్త పక్కకు జరగమన్నారు. ఉద్యోగస్తురాలిననే గర్వం లేకుండా అది జరిగింది.

మాంబ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. మళ్ళీ పరదా పట్టుకోవాలో, లోపలికి తీసుకోవాలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

ఎర్నమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నాలుగడుగులు వేసి, ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"నువ్వొక్కదానివీ అక్కడేటే? ఎనకాల్నుంచి ఏటి కనపడద్ది?" అని గట్టిగా లాగింది.

నూరేళ్ళుగా మోచేతి దాకానే ఉన్న ఆ చెయ్యికి ముందు భుజం వచ్చింది, తర్వాత మొహం వచ్చింది. మాంబ చెమటతో, కన్నీళ్ళతో బైటపడి, మామ్మ పక్కన తివాచీ మీద కూర్చుని, తను అంతసేపూ అంచు పట్టుకుని నిలబడ్డ పరదాను మొదటిసారి ఆవిడతో కలిసి ఎదురుగా చూసింది.